పదకొండు లీటర్ల పెట్టెలో నాన్నగారి ఫొటోలు: ఇంటి సర్వర్‌కు ఏ క్యాబినెట్?

పేరు వెయ్యవద్దని కోరుతూ మియాపూర్ నుంచి ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరం సారాంశమిది. ఆమె తండ్రిగారికి తెనాలిలో ఫొటో స్టూడియో ఉండేది. 2005లో డిజిటల్‌కి మారిన దగ్గర్నుంచి తీసిన పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు తొమ్మిది ఎక్స్‌టర్నల్ డిస్కుల్లో ఉన్నాయి. మొత్తం ఆరున్నర టెరాబైట్లు. నిరుడు స్టూడియో మూసేసి ఆ డిస్కుల్ని కూతురి చేతికిచ్చారు. ఇప్పటికీ ఎవరో ఒకరు ఫోన్ చేసి మా ఫొటోలున్నాయా అని అడుగుతూనే ఉంటారట. తొమ్మిదింటిలో ఒకటి తగిలిస్తే టిక్కుటిక్కుమంటోంది. ఇంకొకటి ఫోల్డరు తెరవడానికే నిమిషాలు తీసుకుంటోంది.

ఇంట్లో ఓ పాత పీసీ ఉంది: ఐ5-8400 ప్రాసెసర్, హెచ్310 మైక్రో ఏటీఎక్స్ (మధ్యరకం సైజు) మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్, 450 వాట్ల మామూలు ఎస్ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే డబ్బా). దాన్ని సర్వర్‌గా, అంటే ఎప్పుడూ ఆన్‌లో ఉండి ఇంట్లోవాళ్లకు ఫొటోలు అందించే పీసీగా మార్చి అన్నీ ఒకచోట చేర్చాలని ఆమె కోరిక. ఆ పెద్ద డబ్బా హాల్లో వద్దని అత్తగారు అన్నారు. టీవీ యూనిట్‌లో గాజు తలుపున్న అర ఒకటి ఖాళీగా ఉంది: వెడల్పు 15 అంగుళాలు, ఎత్తు 12, లోతు 16. డల్లాస్‌లో ఉన్న తమ్ముడు "జాన్స్‌బో ఎన్2 క్యాబినెట్ తీసుకో అక్కా, చిన్నగా ముద్దుగా ఉంటుంది, డిసెంబరులో వస్తూ తెస్తాను, పై డబ్బా విప్పి లోపలిది వాడుకునేలా 14 టెరాబైట్ల ఎక్స్‌టర్నల్ డిస్కులు కూడా తెస్తా" అంటున్నాడు. భర్త మాత్రం ఈ తలనొప్పంతా ఎందుకు, డిస్కులు పెట్టుకునే రెడీమేడ్ సినాలజీ సర్వర్ కొనేద్దాం అంటున్నారు. డిస్కులు కాక 40 వేలు పెట్టగలరు. ఎన్2కి వెళ్తే క్యాబినెట్ 14 వేలు, చిన్న బోర్డు 15 వేలు, చిన్న ఎస్ఎంపీఎస్ 9 వేలు అవుతుందని లెక్క వేసుకున్నారు. మూడేళ్ల బాబు కనబడ్డ బటనల్లా నొక్కుతాడు. "డిసెంబరులోగా తమ్ముడికి ఏదో ఒకటి చెప్పాలి. ఏ క్యాబినెట్ తీసుకోమంటారు?" ఇదీ ఆమె ప్రశ్న.

అమ్మా, మీ ఉత్తరంలో రెండు పనులు ఒకదానితో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. ఒకటి, పోయేలా ఉన్న డిస్కుల్లోంచి ఫొటోలు బయటపడెయ్యడం. రెండోది, హాల్లో ఇమిడే పెట్టె వెతకడం. మొదటిది డిసెంబరు దాకా ఆగదు, రెండోది ఎన్నాళ్లయినా ఆగుతుంది. మీరు మాత్రం రెండోది తేలితేగానీ మొదటిది మొదలుపెట్టలేం అనుకుంటున్నారు. ముందు ఆ ముడి విప్పుకుందాం.

టిక్కుటిక్కుమంటున్న డిస్కును ఇక తగిలించకండి. ఆ చప్పుడు సాధారణంగా లోపల డేటా చదివే హెడ్డు తన చోటు దొరక్క వెనక్కి వెళ్లి మళ్లీ మళ్లీ ప్రయత్నించడం వల్ల వస్తుంది. కరెంటు ఇచ్చిన ప్రతిసారీ పళ్లెం మీద గీత పడే ప్రమాదం ఉంది. అందులో ఉన్నవి ఇంకెక్కడా లేకపోతే డేటా రికవరీ చేసేవాళ్లకు ఇవ్వడం ఒక దారి. ఖర్చు వేలల్లో ఉంటుంది, ఒక్కోసారి అంతకు మించుతుంది. ఇవ్వాలా వద్దా అన్నది ఆ డిస్కులో ఏ ఏళ్ల పని ఉందో నాన్నగారు చెప్తే మీరే తేల్చుకోవచ్చు. నెమ్మదిగా తెరుచుకునే రెండో డిస్కుది వేరే సంగతి. దాన్ని ఫోల్డరు ఫోల్డరుగా కాపీ చెయ్యొద్దు. లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో మొత్తం డిస్కును ఒకే ప్రతిమగా (ఇమేజ్ ఫైలుగా) దించుకోండి. అది ముందు బాగున్న భాగాల్ని లాగేసి, మొరాయించేవాటిని చివరికి వదిలిపెడుతుంది. ఎంతవరకు చదివిందో మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటు నుంచి సాగుతుంది.

ఇది చెయ్యడానికి కొత్త క్యాబినెట్ అక్కర్లేదు. మీ పాత పీసీ పాత డబ్బాలోనే ఉండనివ్వండి. 12 టెరాబైట్ల డిస్కులు రెండు కొని అందులో బిగించి, ఒకదానికొకటి అద్దంలా ఉండేలా, అంటే మిర్రర్‌గా పెట్టండి. వాడుకోవడానికి దాదాపు 11 టెరాబైట్లు కనిపిస్తుంది. మీ ఆరున్నర అందులో పడి, ఇంకా చాలా చోటు మిగులుతుంది. బాగున్న ఏడు పాత డిస్కుల్ని చెరపకుండా తెనాలి పంపించెయ్యండి, అవే మీ బ్యాకప్. ఒకే పెట్టెలో రెండు ప్రతులుండడం బ్యాకప్ కాదు. పిడుగుపాటు, దొంగతనం, పొరపాటున నొక్కిన డిలీట్ రెండింటినీ ఒకేసారి తీసుకుపోతాయి.

డిస్కులు కొనేటప్పుడు సీఎంఆర్ రకమేనా, అంటే ట్రాకులు ఒకదాని పక్కన ఒకటి విడిగా ఉండేదేనా అని చూసుకోండి. ఎస్ఎంఆర్ రకం ట్రాకుల్ని పెంకుల్లా ఒకదాని మీదొకటి పరుస్తుంది. మిర్రర్‌లో ఒక డిస్కు పోయి కొత్తది పెట్టి తిరిగి నింపేటప్పుడు ఇది రోజుల తరబడి నత్తనడక నడుస్తుంది, కొన్నిసార్లు మధ్యలో తప్పుకుంటుంది కూడా. డబ్ల్యూడీ రెడ్‌లో 2 నుంచి 6 టెరాబైట్ల మోడళ్లు కొన్ని ఎస్ఎంఆర్ అని 2020లో బయటపడి పెద్ద గొడవే అయింది. ఇప్పుడు రెడ్ ప్లస్, రెడ్ ప్రో సీఎంఆర్. సీగేట్ ఐరన్‌వుల్ఫ్ కూడా అంతే.

ఇక పెట్టె సంగతి. రెండు డిస్కులతో మీ పని గడుస్తుంది. రేపు ఇంకో జత కలిపితే నాలుగు. మీకు కావలసింది నాలుగు డిస్కుల చోటు. ఐదు, ఆరు, ఎనిమిది అని కనిపించే అంకెలకు డబ్బు పెట్టక్కర్లేదు. చిన్న డిస్కులు ఎక్కువ పెట్టే కొద్దీ వేడి, చప్పుడు, కరెంటు, కేబుళ్లు అన్నీ పెరుగుతాయి. మీ హెచ్310 బోర్డులో సాటా పోర్టులు, అంటే డిస్కుల కేబుళ్లు తగిలించే సాకెట్లు, మామూలుగా నాలుగే, అవి కచ్చితంగా సరిపోతాయి. ఒక్క జాగ్రత్త: ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఎం.2 కార్డు (బోర్డుకే బిగించే చిన్న ఎస్ఎస్‌డీ) వాడితే, అది సాటా రకమైతే చాలా బోర్డుల్లో ఒక సాటా పోర్టు పనిచెయ్యడం మానేస్తుంది. బోర్డు మాన్యువల్‌లో ఆ పేజీ చూడండి.

మీ తమ్ముడు చెప్పిన ఎన్2 బాగా ఆలోచించి చేసిన పెట్టే, కాదనను. 222.5 మిల్లీమీటర్ల వెడల్పు, అంతే లోతు, 224 ఎత్తు, సుమారు 11 లీటర్లు. కింద ఐదు డిస్కులు, పైన బోర్డు. అయితే ఆ చిన్నతనానికి వెల ఎవరు కడుతున్నారో చూడండి. బోర్డు మినీ ఐటీఎక్స్, అంటే 170 బై 170 మిల్లీమీటర్లది మాత్రమే పడుతుంది. మీ మైక్రో ఏటీఎక్స్ బోర్డు పట్టదు. మీ ప్రాసెసర్‌కి సరిపోయే ఐటీఎక్స్ బోర్డులు ఇప్పుడు కొత్తవి దొరకడం కష్టం, కాబట్టి ప్రాసెసర్ కూడా పక్కన పెట్టాల్సిందే. ఎస్ఎంపీఎస్ కూడా ఎస్ఎఫ్ఎక్స్ అనే చిన్న రకమే కావాలి. అది 125 మిల్లీమీటర్ల వెడల్పు, 63.5 ఎత్తు ఉంటుంది. మీ దగ్గరున్నది 150 బై 86. అంటే పాత పీసీలోంచి మిగిలేది ఏదీ లేదు, ర్యామ్ కూడా బహుశా కుదరదు. మీ లెక్క ప్రకారం 38 వేలు పెట్టి, ఉన్న పీసీని అటకెక్కిస్తున్నారన్నమాట.

కొత్త చిన్న బోర్డు, అంటే ఇంటెల్ ఎన్100 లాంటిది, కరెంటు ఆదా చేస్తుంది కదా అని మీ తమ్ముడు అంటారు. చేస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు మీ ఐ5 సెటప్ కంటే 15 వాట్లు తక్కువ తాగుతుందనుకుందాం. నెలకు 11 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకుంటే నెలకు 90 రూపాయల లోపు. బోర్డుకి పెట్టిన 15 వేలు తిరిగి రావడానికి పద్నాలుగేళ్లు పడుతుంది. కరెంటు బిల్లు కోసమైతే ఇది మార్చదగ్గ కారణం కాదు.

అంతకన్నా నన్ను ఆపేది గాలి. ఎన్2లో డిస్కుల వెనక బ్యాక్‌ప్లేన్ అనే సర్క్యూట్ పలక ఉంటుంది. డిస్కులు నేరుగా దానికే తగులుకుంటాయి. దాని వెనక 15 మిల్లీమీటర్ల మందమున్న పలచటి ఫ్యాను ఒకటి ఉంటుంది. ఆ ఫ్యాను గాలి లాగాలంటే పలకలో ఉన్న చిన్న కంతల్లోంచి లాగాలి. పలచటి ఫ్యానుకి అడ్డు ఎదురైతే గాలి బాగా తగ్గిపోతుంది. వేగం పెంచితే చప్పుడవుతుంది. మామూలు ఏసీ గదిలో ఇది గడిచిపోతుంది. మీ హాలు మే నెల మధ్యాహ్నం 36, 37 డిగ్రీలు ఉంటుంది. గాలి బాగా తగిలే డిస్కు గది కంటే 8 నుంచి 12 డిగ్రీలు ఎక్కువుంటుంది. గాలి ఆడనిచోట 15 నుంచి 20. అంటే ఒక పెట్టెలో 47, ఇంకో పెట్టెలో 55. తయారీదారులు 60, 65 దాకా పనిచేస్తుందని రాస్తారు. కానీ రోజూ 45 లోపు ఉంచాలనుకోవడం, 50 దాటితే ఏదో ఒకటి చెయ్యాలనుకోవడం మంచి పద్ధతి.

దీనికి మీ టీవీ యూనిట్ గాజు తలుపు కలిస్తే పరిస్థితి మారిపోతుంది. నాలుగు డిస్కులు, బోర్డు, ఫ్యాన్లు కలిపి ఎప్పుడూ 50 వాట్లు వేడి వదులుతుంటాయి. 47 లీటర్ల మూసిన అరలో ఏ ఫ్యానూ చల్లటి గాలి తేలేదు, ఉన్న వేడి గాలినే తిప్పుతుంటుంది. నా మాట నమ్మక్కర్లేదు, ఏదీ కొనకముందే మీరే కొలవండి. పాతకాలపు 60 వాట్ల ఫిలమెంటు బల్బు ఒకటి హోల్డరుతో సహా ఆ అరలో, చెక్కకి తగలకుండా స్టీలు పళ్లెంలో పెట్టి, పక్కన గది థర్మామీటరు ఒకటి బల్బు వెలుగు నేరుగా పడకుండా ఉంచి, తలుపు మూసి రెండు గంటలు చూడండి. దగ్గరే ఉండండి, బాబును అటు రానివ్వకండి. ఆ బల్బు వేడి మీ సర్వర్ వేడికి దాదాపు సమానం. హాలు కంటే అరలో 5 డిగ్రీలు మించి పెరిగిందంటే, ఆ తలుపుతో ఏ క్యాబినెట్ కొన్నా ఫలితం ఒకటే. అప్పుడు తలుపు తీసెయ్యడం, లేదా వడ్రంగి చేత వెనక ప్లైవుడ్‌కి కింద ఒకటి, పైన ఒకటి 4 అంగుళాల రంధ్రాలు కొట్టించడం మీ చేతిలో ఉన్న మార్గాలు. రెండు రంధ్రాలు కావాలి, కింద నుంచి చల్లగాలి వస్తేనే పైనుంచి వేడి పోతుంది. ఒకే రంధ్రం కొట్టించి లాభం లేదు.

ఆ అరే ఖాయం అనుకుంటే, దానిలో పట్టేవి ఏవో టేపు పెట్టి చూద్దాం. 12 అంగుళాలంటే 305 మిల్లీమీటర్లు, లోతు 16 అంటే 406. క్యాబినెట్ వెనక పవర్ ప్లగ్గూ లాన్ వైరూ వంగడానికి 6 సెంటీమీటర్లు వదలాలి. చాలామంది ఇది మర్చిపోతారు. ఫ్రాక్టల్ డిజైన్ కంపెనీ నోడ్ 304 క్యాబినెట్ కొలతలు వెడల్పు 250, ఎత్తు 210, లోతు 374. లోతుకి 60 కలిపితే 434, తలుపు మూసుకోదు. నోడ్ 804 ఎత్తు 307. మీ అర కంటే 2 మిల్లీమీటర్లు ఎక్కువ, అంతే, లోపలికి దూరదు. జాన్స్‌బో ఎన్4 వెడల్పు 286, లోతు 300, ఎత్తు 228, కాబట్టి పడుతుంది. ఎన్2 ఎలాగూ పడుతుంది.

ఎన్4 గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీ సామానుకి దగ్గరగా వచ్చేది అదే. మీ మైక్రో ఏటీఎక్స్ బోర్డు అందులో కూర్చుంటుంది. ప్రాసెసర్ మీది కూలరు 70 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. ఇంటెల్ డబ్బాతో వచ్చే కూలరు అయితే పడుతుంది, పొడుగాటి టవర్ కూలరు పడదు. ఎస్ఎంపీఎస్ మాత్రం ఎస్ఎఫ్ఎక్స్ కొనాలి. ఆరు డిస్కులు పడతాయని రాస్తారు గానీ, బ్యాక్‌ప్లేన్, దాని వెనక ఫ్యాను ఉన్నవి నాలుగిటికే. మిగతా రెండు పక్కన విడిగా, గాలి నేరుగా తగలనిచోట ఉంటాయి. ఆరూ నింపాలనుకునేవాళ్లను ఈ పెట్టె నిరాశపరుస్తుంది, మీకు నాలుగే కాబట్టి ఇబ్బంది లేదు. ముందు భాగంలో చెక్క పలక ఉంటుంది, హాల్లో కంప్యూటరులా కనబడదు. అత్తగారి అభ్యంతరానికి ఇదే ఎక్కువ పనికొస్తుంది. ఖర్చు క్యాబినెట్, ఎస్ఎఫ్ఎక్స్ మాత్రమే. బోర్డుకి పెట్టే 15 వేలు మిగిలినట్టే. నష్టం ఏమిటంటే లోపల కేబుళ్లకు చోటు బహు తక్కువ. బ్యాక్‌ప్లేన్ చెడితే దాని విడిభాగం హైదరాబాద్‌లో వెతికి పట్టుకోవడం కష్టం. అది చెడితే నాలుగు డిస్కులూ ఒకేసారి కనబడకుండా పోతాయి. లోపలి సమాచారం మాత్రం పోదు. మామూలు సాటా కేబుళ్లతో పాత డబ్బాలో తగిలిస్తే మళ్లీ వస్తుంది. అందుకే పాత క్యాబినెట్ పాతసామాన్లకు వెయ్యొద్దు.

ఆ అర కాకుండా వేరే చోటు దొరికితే దారులు పెరుగుతాయి. వైఫై రూటరు ఉన్న మూల, చదువుకునే బల్ల పక్కన, ఎక్కడైనా సరే. అటక మీద మాత్రం వద్దు, పైఅంతస్తు అయితే స్లాబు వేడి అంతా అక్కడే. యుటిలిటీ బాల్కనీ కూడా వద్దు, తడి, దుమ్ము. నేల మీద నేరుగా పెట్టకండి, తడిగుడ్డ పెట్టినప్పుడు నీళ్లు చేరతాయి, ఊడ్చిన దుమ్మంతా ఫిల్టరుకి పడుతుంది. పీట మీద పెట్టినా చాలు. అలాంటి చోటుంటే నోడ్ 804లో మీ బోర్డు, మీ ఎస్ఎంపీఎస్, మీ కూలరు, అన్నీ యథాతథంగా పడతాయి. 41 లీటర్లు, పెద్దదే, కాకపోతే నెమ్మదిగా తిరిగే పెద్ద ఫ్యాన్లతో డిస్కులు చల్లగా, చప్పుడు లేకుండా ఉంటాయి. నోడ్ 304 దాదాపు ఎన్4 అంత ఘనపరిమాణమే, రెండూ 19.6 లీటర్ల దగ్గర ఉంటాయి. దానిలో మామూలు ఎస్ఎంపీఎస్ పడుతుంది, ముందు రెండు 92 మిల్లీమీటర్ల ఫ్యాన్లు నేరుగా డిస్కుల మీదికి ఊదుతాయి. గాలి విషయంలో ఈ సైజులో అంతకంటే సూటిగా ఉండే ఏర్పాటు అరుదు. బోర్డు మాత్రం ఐటీఎక్స్ కావాలి, మీకు అక్కడ లెక్క తప్పుతుంది.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అడిగితే తక్కువ ధరకే మామూలు మైక్రో ఏటీఎక్స్ క్యాబినెట్ చూపిస్తారు. ముందు జాలీ, దాని వెనక 120 మిల్లీమీటర్ల ఫ్యాను, ఫ్యాను ఎదురుగా డిస్కుల గూడు ఉంటే నిరభ్యంతరంగా తీసుకోవచ్చు. ఈ రోజుల్లో ఎక్కువ కనిపించేవి గాజు పలకలూ రంగు లైట్లూ ఉన్నవి. వాటిలో పెద్ద డిస్కులకు రెండే చోట్లు, అవీ ఎస్ఎంపీఎస్ పక్కన కింది అరలో మూతపెట్టి ఉంటాయి. అక్కడికి గాలి రాదు. దుకాణంలోనే పక్క తలుపు తీయించి చూడండి.

మీవారి మాట కూడా తీసిపారేసేది కాదు. నాలుగు డిస్కుల సినాలజీ పెట్టెలు బిగింపు పని లేకుండా, చిన్నగా, ఫోన్ యాప్‌తో సహా వస్తాయి. మీరు లేనప్పుడు ఇంట్లోవాళ్లు కూడా నడుపుకోగలరు. కంప్యూటరు విప్పడం మీకు ఇష్టమైన పని కాకపోతే అదే సరైన దారి. 2025లో వచ్చిన ప్లస్ మోడళ్లలో ఆ సంస్థ తన జాబితాలోని డిస్కులే వాడాలని షరతు పెట్టి, అక్టోబరులో వచ్చిన డీఎస్ఎం 7.3 (ఆ పెట్టెల ఆపరేటింగ్ సిస్టమ్)తో సడలించింది. కాబట్టి కొనేముందు ఆ మోడల్‌లో మీ డిస్కు పనిచేస్తుందో లేదో సైట్లో చూసుకోండి. పెట్టె పాడైతే భాగాలు మార్చుకోలేరు, అదే బ్రాండు ఇంకో పెట్టె కొనాల్సి వస్తుంది. మీ ఐ5 పీసీ మీకు తెలిసిన యంత్రం, ఏ భాగం పోయినా బజారులో దొరుకుతుంది. మీ ఉత్తరం చదివితే మీకు చెయ్యాలనే ఉందనిపించింది, అందుకే నా మొగ్గు అటు.

ఏ పెట్టె తీసుకున్నా బిగించేటప్పుడు తేడాలొచ్చేవి దాదాపు ఒకే రకంగా ఉంటాయి. పెద్ద సైజు డిస్కుల్లో పక్కనున్న మధ్య స్క్రూ రంధ్రం చాలావాటికి ఉండదు, కింది రంధ్రాలు కూడా జరిగి ఉంటాయి. పాత ట్రేలలో నాలుగు స్క్రూల చోట రెండే పడతాయి. రెండూ ఒకే చివర పడితే డిస్కు ఊగి చప్పుడు చేస్తుంది. కాబట్టి ట్రే బొమ్మనూ డిస్కు కొలతల పత్రాన్నీ పక్కపక్కన పెట్టి చూశాకే కొనండి.

కరెంటు విషయంలో ఇంకొంచెం జాగ్రత్త. డిస్కు తిరగడం మొదలుపెట్టినప్పుడు 12 వోల్టుల మీద సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది, తర్వాత చాలా తగ్గుతుంది. సాటా పవర్ ప్లగ్గు ఒక్కటి 4.5 ఆంపియర్ల వరకే. ఒక ప్లగ్గును నాలుగుగా చీల్చే వైరు కొని నాలుగు డిస్కులకు తగిలిస్తే ఆన్ చేసిన ప్రతిసారీ 8 ఆంపియర్లు ఒక్క ప్లగ్గు మీద పడతాయి. ప్లాస్టిక్ కరిగేది ఇలాగే. మోలెక్స్ (పాతకాలపు నాలుగు పిన్నుల పవర్ ప్లగ్గు) నుంచి సాటాకి మార్చే చవక వైర్లలో వెనక భాగం ముద్దగా పోతపోసి ఉండేవి అసలు వద్దు, లోపల తీగలు ఒకదానికొకటి తగిలి కాలిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఎస్ఎంపీఎస్‌తో వచ్చిన అసలు కేబుళ్లే వాడండి, బ్యాక్‌ప్లేన్‌కి రెండు పవర్ సాకెట్లుంటే రెండింటికీ వేర్వేరు కేబుళ్లివ్వండి. మల్టీమీటరు లేకపోయినా ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ గోడ సాకెట్‌కి ఎర్తింగ్ ఉందో లేదో చూపించండి. లేకపోతే లోహపు క్యాబినెట్ ముట్టుకుంటే చిమచిమలాడుతుంది.

ఇరుకు పెట్టెల్లో సాటా కేబులు గట్టిగా వంచి తలుపు మూసేస్తారు. కొన్నాళ్లకు డిస్కు తన ఆరోగ్యం గురించి రాసుకునే స్మార్ట్ రిపోర్టులో 199వ వరస, అంటే సీఆర్‌సీ తప్పులు (డేటా దారిలో చెడడం), పెరుగుతూ పోతుంది. చాలామంది డిస్కు పోయిందనుకుని కొత్తది కొంటారు. చాలాసార్లు లోపం కేబులుది. 5, 197 వరసలు (డిస్కు మీద చెడిన, చెడేలా ఉన్న చోట్ల లెక్క) పెరిగితే డిస్కుది. ఆ మూడు అంకెలు గుర్తుంచుకుంటే డబ్బు ఆదా అవుతుంది.

ఫ్యాను వేగం గురించి పెద్దగా ఎవరూ చెప్పరు. బోర్డు ఫ్యాన్లను ప్రాసెసర్ వేడిని బట్టి తిప్పుతుంది, డిస్కుల వేడి దానికి తెలియదు. నెలకోసారి డిస్కులన్నీ చదివి సరిచూసుకునే రాత్రి ప్రాసెసర్ చల్లగా, డిస్కులు సలసలా ఉంటాయి, ఫ్యాను మాత్రం నిద్రపోతుంటుంది. బయాస్‌లో (పీసీ ఆన్ అయ్యేటప్పుడు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో) డిస్కుల ఫ్యానుకి ఆటోమేటిక్ తీసేసి నిమిషానికి 900, 1000 చుట్లకు స్థిరంగా పెట్టెయ్యండి. ఆ వేగంలో 120 మిల్లీమీటర్ల ఫ్యాను శబ్దం టీవీ ముందు వినబడదు.

అన్నీ బిగించాక చిన్న పరీక్ష చెయ్యండి. టిష్యూ కాగితం సన్నగా చీరి డిస్కుల ముందు సందుల దగ్గర పట్టుకోండి. లోపలికి లాగుతుంటే గాలి డిస్కుల మధ్య నుంచి వెళ్తోంది. కదలకపోతే అది పక్క సందుల్లోంచి దొంగదారిన పోతోంది. ఆ సందుల్ని ఫోమ్ టేపుతో మూస్తే డిస్కులు కొన్ని డిగ్రీలు దిగుతాయి. తర్వాత డిస్కులన్నిటికీ ఒకేసారి స్మార్ట్ లాంగ్ టెస్టు పెట్టండి. 12 టెరాబైట్లకు ఇంచుమించు రోజు పడుతుంది. మధ్యాహ్నం మూడింటికి వేడి చూసి రాసుకోండి. నాలుగు డిస్కులుంటే మధ్యవి రెండే ఎక్కువ వేడెక్కుతాయి, చూడాల్సింది వాటినే. ప్రతి డిస్కు బయటి అంచు మీద దాని సీరియల్ నంబరు చివరి నాలుగక్షరాలు టేపు మీద రాసి అంటించండి. ఒకటి పోయిన రోజున ఏది లాగాలో తెలియక బాగున్నదాన్ని లాగడం మిర్రర్‌లో జరిగే అతి ఘోరమైన పొరపాటు.

బాబు సంగతి సులువు. క్యాబినెట్ ముందు బటన్ నుంచి బోర్డుకి వచ్చే రెండు పిన్నుల వైరు పీకేసి, బయాస్‌లో కరెంటు వచ్చాక తనంతట తానే ఆన్ అయ్యేలా పెట్టండి. ఆపాలంటే ఫోన్‌లోంచి ఆపుకోవచ్చు.

మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉందో లేదో రాయలేదు. ఉన్నా దాన్ని మాత్రమే నమ్ముకోకండి. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ కొద్ది మిల్లీసెకన్లు యూపీఎస్ మోడ్‌లో అయితే చాలావరకు ఎస్ఎంపీఎస్ తట్టుకుంటుంది, మామూలు మోడ్‌లో మిషను రీస్టార్ట్ అవుతుంది. యూఎస్‌బీ పోర్టున్న 600 వీఏ యూపీఎస్ మీ 50, 60 వాట్లకు చాలు. కరెంటు పోయి ఐదు నిమిషాలైతే సర్వర్ మర్యాదగా ఆగిపోయేలా నట్ అనే ప్రోగ్రాంలో పెట్టుకోవచ్చు. యూఎస్‌బీ లేని యూపీఎస్ చవకే గానీ, సర్వర్‌కి కరెంటు పోయిందని చెప్పలేదు.

మీ తమ్ముడికి చెప్పాల్సింది, నా ఉద్దేశంలో, ఇదీ. ఎన్2 బదులు ఎన్4 ధర అక్కడ చూడమనండి, చెక్ఇన్ సూట్‌కేసులో పడుతుందో కొలవమనండి. బల్బు పరీక్ష పూర్తయ్యేదాకా ఆర్డరు పెట్టొద్దని కూడా చెప్పండి. విప్పి వాడే ఎక్స్‌టర్నల్ డిస్కుల మీద ఆశ పెట్టుకోకండి. విప్పితే వారంటీ మీద ఆశ వదులుకోవాలి, ఇండియాలో అయితే మరీను. అప్పటికే కొనేసి ఉంటే మాత్రం చేతి బ్యాగులో తెమ్మనండి. అలాంటి డిస్కు మీ ఎస్ఎంపీఎస్‌కి తగిలిస్తే తిరగకుండా మౌనంగా ఉండొచ్చు. చెడిపోయిందనుకోకండి. పవర్ పిన్నుల్లో డేటా పిన్నుల వైపు నుంచి మూడోదానికి 3.3 వోల్టులు అందితే కొన్ని డిస్కులు ఆగిపోయేలా చేసి ఉంటాయి. ఆ మొదటి మూడు పిన్నుల మీద సన్నగా కత్తిరించిన క్యాప్టాన్ (కరెంటు పారనివ్వని, వేడికి తట్టుకునే) టేపు అంటిస్తే లేచి తిరుగుతుంది. ఎస్ఎఫ్ఎక్స్ ఎస్ఎంపీఎస్ అక్కడి నుంచి తెప్పించుకునేటట్టయితే 100 నుంచి 240 వోల్టుల దాకా పనిచేస్తుందని దాని మీద రాసి ఉందో లేదో చూడమనండి. మూడు పిన్నుల ఇండియన్ పవర్ కేబులు మాత్రం మీరే ఇక్కడ కొనుక్కోవాలి, డబ్బాలో అమెరికా ప్లగ్గుదే వస్తుంది.